ఒత్తులు మింగిన బోర్డు: గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి మధ్య మూడు పెట్టెల డైరీ

ఒడిశాలో మూడు ఊళ్ళ మధ్య తెలుగులో రాసుకోవడానికి పాతకాలపు బులెటిన్ బోర్డు (కంప్యూటర్ మీద నడిచే సందేశాల బోర్డు) ఒకటి పెట్టాను. ఇలాంటిదే మీ ఊళ్ళో పెట్టుకోవాలనుకుంటే దశ 2, దశ 3 మాత్రం దాటెయ్యకండి. మిగతావి చదవకపోయినా పని నడుస్తుంది. ఆ రెండూ చదవకపోతే నాకు దండగైన పద్దెనిమిది సాయంత్రాలు మీకూ దండగవుతాయి.

పెట్టెలు

మూడు ఊళ్ళు, మూడు రాస్ప్‌బెర్రీ పై జీరో 2 బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు), ఒక్కోదాంట్లో 512 ఎంబీ మెమరీ. పద్ధతి పాత ఫిడోనెట్‌దే, అంటే బులెటిన్ బోర్డులు ఫోన్ లైన్ల మీద ఒకదానికొకటి సందేశాలు పంపుకున్న నెట్‌వర్క్‌ది. ఎవరి పెట్టెలో రాసింది వాళ్ళ పెట్టెలో ఉంటుంది, రోజుకు నాలుగుసార్లు పెట్టెలు ఒకదాన్నొకటి పిలుచుకుని సందేశాల కట్టలు మార్చుకుంటాయి. 1984లో టామ్ జెనింగ్స్ మొదలుపెట్టినప్పుడు మోడెమ్‌తో అర్ధరాత్రి ఫోన్ కాల్, ఇప్పుడు మాకు ఇంటర్నెట్ మీద బింక్‌పి (కట్టలు మార్చుకునే పద్ధతి), పోర్టు 24554. అంతే తేడా.

ఫోన్లో వాట్సాప్ ఉండగా ఇదేం పిచ్చి అని అడిగేవాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఒక్కటే: 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరవాత పర్లాకిమిడిలో ఉన్న మా అత్త ఫోను ఎన్ని రోజులు పలకలేదో మా ఇంట్లో అందరికీ గుర్తుంది. కట్టకట్టి పంపే నెట్‌వర్క్‌కి తీగే ఉండాలని లేదు, బస్సు కండక్టరు జేబు చాలు. ఆ సంగతి దశ 6లో.

చిరునామాలు: జోన్ 1936 అని పెట్టుకున్నాం, ఒడిశా వేరే రాష్ట్రమైన ఏడాది. రాయగడ 1936:1/1, గుణుపురం 1/2, పర్లాకిమిడి 1/3. మొదట హబ్ (మిగతా పెట్టెలు పిలిచే నడిమి పెట్టె) గుణుపురంలో మా ఇంట్లోనే పెట్టాను. మా ఇంటి కనెక్షన్‌కి బయటినుంచి పిలిస్తే పలికే చిరునామా లేదు, ఒక్క ఐపీ వెనక వీధి వీధంతా ఉంది. రెండు రోజులు రౌటర్‌తో కుస్తీ పట్టి ఓడిపోయి, హబ్‌ని రాయగడ మావయ్య కొట్టుకి మార్చాను. మీరు ముందే చూసుకోండి: హబ్ ఒక్కదానికి బయటి చిరునామా ఉంటే చాలు, మిగతావి దాన్ని పిలుస్తాయి.

ఇప్పటికి లెక్క
బోర్డులు 3 (రెండు సెకండ్‌హ్యాండ్): రూ. 5,400
మెమరీ కార్డులు 3: రూ. 1,350
ఛార్జర్లు, తీగలు: రూ. 900
మొత్తం రూ. 7,650. గంటలు 16.

దశ 1: రంగుల మెనూలు, 80 గడులు

మూడు వారాలు మెనూలకి రంగులేశాను. అవేవీ ఇప్పుడు లేవు.

పాత బోర్డు తెర 80 గడుల వెడల్పు, 25 వరసల పొడుగు. ఆరంగుళాల ఫోన్ని నిలువుగా పట్టుకుంటే 80 గడుల్లో అక్షరం ఆవగింజంత. అడ్డంగా తిప్పితే కీబోర్డు సగం తెర మింగేస్తుంది. పైగా పాత పద్ధతి ప్రకారం లోపలికి రాగానే మొదటి సందేశం కనిపించదు. పేరు, పాస్‌వర్డ్ కాకుండా ఎన్ని మీటలు నొక్కాలో కూర్చుని లెక్కపెట్టాను:

1. స్వాగత బొమ్మ: 1
2. ప్రకటనలు, మూడు పేజీలు, ప్రతిదానికీ "ఏదైనా మీట నొక్కండి": 3
3. చివరి పదిమంది ఎవరెవరు వచ్చారో జాబితా: 1
4. మెయిన్ మెనూ, సందేశాల మెనూ, విభాగం ఎంపిక: 5
5. కొత్తవి వెతుకు, ఎక్కణ్ణుంచి, అవును, సరే: 4

మొత్తం 14. పైగా మీటలన్నీ ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు. చదవడానికి ఆర్, రాయడానికి పి. ఇంగ్లీషు మాట మనసులో మెదిలేవాడికే అది గుర్తుంటుంది. అంకెలు పెట్టాను.

ఇక టెర్మినల్లో, అంటే అక్షరాలు మాత్రమే చూపించే పాత తరహా తెరలో, తెలుగు. టెర్మినల్ ప్రతి అక్షరానికీ ఒక గడి ఇస్తుంది, తెలుగుకి గడులు కుదరవు. నేను వాడిన వెడల్పు పట్టికలో గుడికి (ి) గడి లేదు, కొమ్ముకి (ు) ఒక గడి ఉంది. అంటే "పి" ఒక గడి, "పు" రెండు గడులు. సున్నకి ఇంకో గడి. ఒత్తు కిందకి వెళ్ళకుండా పక్క గడిలో పొల్లు హల్లుగా కూర్చుంటుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే కర్సరు ఒక చోట, చెరిగేది ఇంకో చోట. దీన్ని సరిచెయ్యడానికి తొమ్మిది గంటలు పోశాను. ఒక టెర్మినల్లో కుదిరింది ఇంకో టెర్మినల్లో కుదరలేదు.

ఐదుగురికి ఇచ్చి చూశాను: ఒక సందేశం చదివి, దానికి జవాబు రాయాలి. ముగ్గురు మధ్యలో వదిలేశారు. మిగతా ఇద్దరిలో బేగి ముగించినవాళ్ళకి 6 నిమిషాల 40 సెకన్లు.

మార్చింది: టెర్మినల్ని నాకోసం ఉంచుకున్నాను. చదివేవాళ్ళకి రాస్ప్‌బెర్రీ పై బోర్డే వైఫై ఇస్తుంది, ఫోన్ బ్రౌజర్లో ఒక్క పేజీ తెరుచుకుంటుంది. పేజీ సైజు 31 కేబీ, బయటినుంచి ఏమీ తెచ్చుకోదు. తెరవగానే చదవనివి, పాతది పైన. అక్షరాలు కలిపే పని ఫోనే చేసుకుంటుంది, అది నాకన్నా బాగా చేస్తుంది. "మరి పాత బోర్డు అనడం దేనికి?" అని రాయగడలో ఒక కుర్రాడు మొహమ్మీదే అడిగాడు. కట్ట, చిరునామా, పిలుపు అన్నీ పాతవే బాబూ, కిటికీ ఒక్కటే మార్చాను.

మెనూ మాటల దగ్గర ఇంకో తప్పు చేశాను. సందేశం వెళ్ళగానే "సందేశము ప్రేషితమైనది" అని వచ్చేలా రాశాను, మర్యాదగా ఉంటుందని. గుణుపురంలో మా పరీక్షకుడు రిటైరైన తెలుగు మాస్టారు. కళ్ళజోడు పైకి తోసి చదివి, "గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడికి పంపుతూ 'ప్రేషితమైనది' అంటావేట్రా?" అన్నారు. ఇప్పుడు మెనూ ఇది: 1 కొత్తవి, 2 రాయి, 3 జవాబు, 4 చేరిందా?, 5 చాలు. పంపాక వచ్చే మాట: "వెళ్ళింది".

అదే ఐదుగురికి మళ్ళీ ఇచ్చాను. అందరూ పూర్తి చేశారు. అన్నిటికన్నా ఎక్కువ పట్టింది 1 నిమిషం 50 సెకన్లు, అన్నిటికన్నా తక్కువ 48 సెకన్లు.

ఇప్పటికి లెక్క: రూ. 7,650. గంటలు 47, అందులో పారేసిన పని 30 గంటలు.

దశ 2: ఒత్తులు

పేజీ పెట్టిన మొదటి ఆదివారం. లైబ్రరీ అరుగు మీద కూర్చుని మాస్టారు ఫోన్ని కళ్ళకి దూరంగా పట్టుకుని చదువుతున్నారు. పర్లాకిమిడి నుంచి వచ్చిన సందేశం:

"అమమవారి పండుగకు కొతత బససు వేశారు"

"ఏట్రా ఇది? ఒత్తులన్నీ ఎవడు మింగేశాడు? ఒకటో తరగతి గుంటడు పలక మీద రాసినట్టుంది."

అత్తకి ఫోన్ చేసి అడిగాను. "నేను సరిగానే రాశాను, నా ఫోన్లో సరిగానే ఉంది, నీ పెట్టెలోనే ఏదో తేడా," అంది. ఆవిడ చెప్పింది నిజం. మనం రాసింది మన పెట్టెలో కట్ట కట్టక ముందే ఉంటుంది, కాబట్టి రాసినవాళ్ళకి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. పరీక్ష ఎప్పుడూ అవతలి ఊళ్ళో చెయ్యండి.

మొదట ఫాంటుని అనుమానించాను. తరవాత కీబోర్డుని. తరవాత అత్తని, కాసేపు. నాలుగు సాయంత్రాలు అలా పోయాక బైట్లు లెక్కపెట్టాలన్న బుద్ధి పుట్టింది.

1. పర్లాకిమిడి పెట్టెలో "కొత్త బస్సు" అని మాత్రమే రాశాను. పది సంకేతాలు (హల్లు, గుణింతం గుర్తు, పొల్లు వేటికవే లెక్క), ఒక ఖాళీ. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. వెళ్ళాల్సింది 31.
2. గుణుపురంలో చేరింది 29.
3. పోయిన రెండు బైట్లూ ఏవో చూశాను: రెండిటి విలువా 141.
4. మాస్టారి పాత సందేశం ఒకటి తీసుకున్నాను. అందులో పొల్లులు 37. బయల్దేరింది 1,304 బైట్లు, చేరింది 1,267. తేడా 37.

పొల్లు (్) యూటీఎఫ్-8లో 224, 177, 141. ఫిడోనెట్ మొదటి ప్రమాణపత్రం ఎఫ్‌టీఎస్-1లో 141ని "మెత్తని" లైన్ ముగింపు అంటారు, కనిపిస్తే పట్టించుకోవద్దని ఉంటుంది. లైన్ ముగింపు కోడు 13, దానికి 128 కలిపితే 141. వర్డ్‌స్టార్ కాలంలో తెర అంచున తనంతట తాను మడిచిన లైన్‌కి గుర్తు అది. అది రాసినవాళ్ళకి 128 దాటిన బైటులో ఇంకొకళ్ళ భాష ఉంటుందని తోచే కాలం కాదు. నేను పెట్టిన టాసర్ (కట్ట విప్పి సందేశాలు పంచే ప్రోగ్రాం) ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించింది. తెలుగులో వాడుకలో ఉన్న గుర్తుల్లో 141తో ముగిసేది ఒక్క పొల్లే. వేరే అక్షరం పోయుంటే ఎక్కడో ఒక మాట చెడేది. పోయింది పొల్లు కాబట్టి భాషలో ఉన్న ప్రతి ఒత్తూ పోయింది.

మన గోలే కాదిది. ఒడియా హలంత 224, 173, 141. నాగరిది 224, 165, 141. మందుల షాపు ఆయన ఒడియాలో రాసినవి కూడా చెడిపోయాయి, ఆయన నాకు చెప్పలేదు, మొహమాటం. రష్యన్ ఫిడోనెట్ వాళ్ళకి కూడా ఇదే తగిలింది. వాళ్ళ కోడ్‌పేజీ 866లో 141 అంటే పెద్ద "ఎన్" అక్షరం, చూడ్డానికి అచ్చం ఇంగ్లీషు హెచ్. వాళ్ళు తెలివిగా ఆ చోట ఇంగ్లీషు హెచ్ కొట్టి నెట్టుకొచ్చారు. మనకి పొల్లులాంటిది ఇంగ్లీషులో ఎక్కడ దొరుకుతుంది?

చెక్కు చెదరకుండా వచ్చినవి ఒక్క సవర మిత్రుడివే. ఆయన సొరాంగ్ సొంపెంగ్ లిపిలో రాస్తాడు, 1936లో మంగేయ్ గొమాంగో తయారుచేసిన లిపి. 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. అందులో అక్షరానికి 4 బైట్లు, 240, 145, 131, చివరిది 144 నుంచి 191 లోపు. 141 తగలదు. ఫాంటు మాత్రం పేజీతో పాటు ఇవ్వాల్సొచ్చింది.

నాలుగు సాయంత్రాలు పోవడానికి అసలు కారణం నేను రాసిన పైథాన్ ప్రోగ్రాంలో ఉంది. యూటీఎఫ్-8 విప్పేటప్పుడు తప్పులుంటే వదిలెయ్యమని, అంటే "ఇగ్నోర్" అని రాసుకున్నాను. 141 పోతే మిగిలిన 224, 177 చెల్లని జంట. వదిలెయ్యమన్నాను కాబట్టి అది నిశ్శబ్దంగా తీసేసి "బససు" అని శుభ్రంగా చూపించింది. ఆ ఒక్క మాట రాయకపోయి ఉంటే మొదటి రోజే ప్రతి ఒత్తు దగ్గరా ప్రశ్నార్థకమున్న నల్ల డైమండ్ కనిపించేది, గంటలో దొరికిపోయేది. ఇప్పుడు "రీప్లేస్" పెట్టాను. తప్పు కంటికి కనబడాలి.

మార్చింది:

1. ప్రతి సందేశంలోనూ అక్షరాల వాటం చెప్పే అదుపు లైను (ప్రోగ్రాములు చదివేది, జనానికి కనిపించనిది) చేర్చాను: "సీహెచ్‌ఆర్ఎస్: యూటీఎఫ్-8 4". ఇది నా సొంత కవిత్వం కాదు, ఎఫ్‌టీఎస్-5003లో ఉన్నదే.
2. ఆ లైను ఉంటే 141 జోలికి పోవద్దు. లేకపోతే పాత పద్ధతే.
3. సరిచేసిన టాసర్ మూడు పెట్టెల్లోనూ వెయ్యాలి. నేను ముందు గుణుపురంలో మాత్రం వేసి, పర్లాకిమిడి సందేశాలు ఇంకా చెడిపోతుంటే రెండు సాయంత్రాలు జుట్టు పీక్కున్నాను. అవి రాయగడ హబ్ మీదుగా వస్తాయి, అక్కడే ఒత్తులు ఊడిపోయి నా దగ్గరికి వస్తున్నాయి. దారిలో ఒక్క పెట్టె పాతదైనా చాలు.

ఇంకో చిన్నది: లైన్లని 79 బైట్లకి విరగ్గొట్టే అలవాటు కూడా తీసేశాను. 79వ బైటు ఏ అక్షరం నడుమున పడుతుందో చెప్పలేం. పేరా చివర 13 ఒక్కటి పెడితే చాలు, మడత చదివే ఫోన్ చూసుకుంటుంది.

ఇప్పటికి లెక్క: రూ. 7,650. గంటలు 71. మళ్ళీ టైపు చేయించిన పాత సందేశాలు 64. అత్తకి చెప్పిన క్షమాపణలు 1.

దశ 3: తోక తెగిన విషయం

వానల్లో ఒక సాయంత్రం గుణుపురం స్టేషన్ దగ్గర విని, విషయం లైన్లో ఇలా రాసి పంపాను: "రేపు గుణుపురం ప్యాసింజర్ ఆలస్యం". ఎంత ఆలస్యమో లోపల రాశాను.

పర్లాకిమిడిలో కనిపించింది: "రేపు గుణుపురం ప్యాసింజర్", చివర ఒక నల్ల డైమండ్. అత్త లోపలికి వెళ్ళి చదవలేదు, పేరులోనే సంగతి తెలిసిపోయిందనుకుంది. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి రెండు గంటలు కూర్చుంది.

"ఆలస్యమన్న ముక్క ముందే ఏడవొచ్చు కదా, చివర్న దాచుకున్నావేటి?"

కట్టలో ప్రతి సందేశం తలకీ కొలతలున్నాయి. విప్పాలనుకునేవాళ్ళకి పనికొస్తాయి:

1. కట్ట తల 58 బైట్లు.
2. ప్రతి సందేశానికి ముందు అంకెలు 14 బైట్లు, తేదీ 20 బైట్లు.
3. ఎవరికి: 36. ఎవరు: 36. విషయం: 72. ప్రతిదాంట్లోనూ చివరి సున్నా బైటు కలిపి.
4. ఆ తరవాత ఒళ్ళు, సున్నా బైటుతో ముగింపు.

72లో వాడుకోగలిగింది 71. ఇంగ్లీషులో 71 అక్షరాలు, ధారాళం. తెలుగులో 23 సంకేతాలు. నా వాక్యం 28 సంకేతాలు, 3 ఖాళీలు, మొత్తం 87 బైట్లు. "ప్యాసింజర్" తరవాతి ఖాళీతో 69 అయిపోయాయి. మిగిలిన రెండు బైట్లలో "ఆ" మొదటి రెండు ముక్కలు కూర్చున్నాయి, అదే డైమండ్.

పేర్ల సంగతి ఇంకా అన్యాయం, వాడుకోగలిగింది 35 బైట్లు. మా మాస్టారు "లైబ్రరీ మాస్టారు" అని పేరు పెట్టుకున్నారు, 46 బైట్లు. రాయగడలో "లైబ్రరీ మాస్" అని పడింది. మావయ్య కొట్లో కుర్రాళ్ళు ఆయన సందేశం రాగానే ఈల వెయ్యడం మొదలుపెట్టారు. ఆయనకి కోపం రాలేదు, పేరు మార్చొద్దన్నారు కూడా.

మొదటి మరమ్మతు: అక్షరం మధ్యలో కొయ్యకుండా మాట చివర కోసి మూడు చుక్కల గుర్తు పెట్టాను. "రేపు గుణుపురం ప్యాసింజర్…" సరిగ్గా 71 బైట్లు, ఒక్క బైటు వృథా లేదు. ముచ్చటపడి మాస్టారికి చూపించాను.

"డైమండ్ బదులు చుక్కలొచ్చాయి, అంతేగా? ప్యాసింజర్‌కి ఏటయ్యిందో ఇప్పుడు మాత్రం తెలిసిందా? తెలుగు వాక్యానికి ప్రాణం చివర ఉంటుందిరా. లేదు, రాదు, వద్దు, ఆలస్యం. నువ్వు సరిగ్గా అక్కడే కోస్తున్నావు."

విషయం పొడుగైతే చివర కొయ్యాలన్నది నాకు ప్రశ్నగా కూడా తోచలేదు, అన్ని ప్రోగ్రాముల్లోనూ అంతే కాబట్టి. మా దగ్గరున్న పొడుగు విషయాలు 40 తీసి చూశాను. చివరి మాట తీసేస్తే అర్థం పోయేవి 29, అందులో తలకిందులయ్యేవి 6. "రేషన్ కార్డుల పేర్లు ఎక్కించడం ఈ వారం లేదు" అన్నదాంట్లో "లేదు" పోతే జనం లైన్లో నిలబడతారు.

మార్చింది:

1. కోత నడుమ. మొదటి రెండు మాటలు, మూడు చుక్కలు, చివరి మాట. "రేపు గుణుపురం … ఆలస్యం", 60 బైట్లు. పట్టకపోతే మొదటివైపు మాట తగ్గించాలి, చివరిది ముట్టుకోకూడదు.
2. పూర్తి విషయం ఒంట్లోనే, కోడు 1తో మొదలయ్యే అదుపు లైన్లో పెట్టాను. అలాంటి లైన్లని పాత ప్రోగ్రాములు జనానికి చూపించవు. మా పేజీ దాన్ని చూసి మొత్తం విషయం చూపిస్తుంది. పేరుకీ అంతే.
3. పేజీలో రాసే చోటు పక్కన ఎన్ని బైట్లు మిగిలాయో అంకె వేశాను. ఎవరూ చూడలేదు. తీసేసి, పట్టని భాగం బూడిదరంగులోకి మారేలా చేశాను. అది చూస్తున్నారు.

ఆఫ్‌లైన్ కట్టలకి క్యూడబ్ల్యూకే (పాత బోర్డుల సందేశాల్ని దించుకుని చదివే కట్ట పద్ధతి) వాడదామనుకుని ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. 128 బైట్ల దిమ్మెలు, లైన్ ముగింపుకి 227. తెలుగు బైట్లలో 227 రాదు కాబట్టి ఒళ్ళు క్షేమం. కానీ విషయానికి ఇచ్చింది 25 బైట్లు. "గుణుపురం" అన్న ఒక్క మాటకి 24. పక్కన పెట్టేశాను.

ఇప్పటికి లెక్క: రూ. 7,650. గంటలు 88. నడుమ కోసిన విషయాలు మొదటి నెలలో 112, "సంగతి అర్థం కాలేదు" అన్న ఫోన్లు 2.

దశ 4: ఎవరు చూశారు?

ఇది చిన్నది. ప్రతి సందేశం అడుగున "సీన్-బై: 1/1 1/2 1/3" అని వచ్చేది. ఏయే పెట్టెలకి ఇప్పటికే పంపారో టాసర్లు చూసుకునే గుర్తు అది, ఒకే సందేశం గిరగిరా తిరగకుండా. ఇంగ్లీషు చదివినవాళ్ళందరూ దాన్ని వాట్సాప్ నీలం టిక్కులాగే అనుకున్నారు. "నేనింకా చూడనే లేదు, చూసినట్టు ఎందుకేశావు? రేపు ఆయన జవాబేదని అడిగితే?" అని మావయ్య నిలదీశాడు.

సీన్-బై, పాత్ (వచ్చిన దారి), ఆరిజిన్ (బయల్దేరిన చోటు) లైన్లు మూడూ దాచేశాను. కానీ మావయ్య కోపంలో అసలు కోరిక తెలిసింది: పంపింది చేరిందా లేదా. సందేశానికో రసీదు అంటే కట్టలు రెట్టింపవుతాయి. అందుకని కట్టకో రసీదు పెట్టాను. మెనూలో 4 నొక్కితే మీ సందేశం పక్కన "పెట్టెలో ఉంది", "రాయగడ చేరింది", "పర్లాకిమిడి చేరింది", మూడిట్లో ఒకటి కనిపిస్తుంది. మనిషి చదివాడో లేదో చెప్పదు. అది చెప్పకూడదని ముగ్గురు విడివిడిగా అడిగారు.

జవాబుల్లో పాత సందేశం మొత్తం మళ్ళీ అతికించే ఆచారం కూడా తీసేశాను. నాలుగో జవాబుకి ఫోన్ తెర మీద లైనుకి ఒక్క మాట మిగిలింది. ఇప్పుడు మొదటి లైను మాత్రం పైన వస్తుంది, నొక్కితే మిగతాది. అందులో రాసినవాళ్ళ పొడి అక్షరాలు వెయ్యబోయి, మొదటి బైటు తీస్తే చెత్త, మొదటి సంకేతం తీస్తే "లమ", చివరికి "లైమా" దాకా తెచ్చాను. ఎవరికీ అక్కర్లేదన్నారు. తీసేశాను.

దశ 5: గడియారం

ఒక శనివారం గుణుపురం నుంచి వెళ్ళిన 11 సందేశాలు ఎక్కడా చేరలేదు. రసీదులో మాత్రం "రాయగడ చేరింది".

హబ్ లాగ్ తెరిస్తే పదకొండూ "డూప్" (ముందే వచ్చినదే మళ్ళీ వచ్చింది) అని పారేసి ఉన్నాయి. ప్రతి సందేశానికీ ఒక ఎంఎస్‌జీఐడీ (సందేశం గుర్తింపు) ఉంటుంది: చిరునామా, ఎనిమిది అంకెల వరుస సంఖ్య. మూడేళ్ళ లోపల ఒకే పెట్టె నుంచి అదే సంఖ్య మళ్ళీ రాకూడదని ఎఫ్‌టీఎస్-9 నియమం. నేను నెల, తేదీ, ఆ రోజు వరుస కలిపి సంఖ్య తయారుచేశాను, ప్రోగ్రాం మొదలైనప్పుడల్లా వరుస ఒకటి నుంచి.

జరిగింది ఇదీ:

1. శుక్రవారం రాత్రి కరెంటు పోయింది.
2. నా రాస్ప్‌బెర్రీ పై బోర్డులో బ్యాటరీ గడియారం లేదు. లేవగానే ఆఖరున రాసిపెట్టుకున్న టైమే ఇప్పుడూ అనుకుంటుంది, నెట్ దొరికాకే సరిచేసుకుంటుంది.
3. కరెంటొచ్చింది, నెట్ మధ్యాహ్నం దాకా రాలేదు. పెట్టెకి ఇంకా శుక్రవారమే.
4. వరుస మళ్ళీ ఒకటి నుంచి. శుక్రవారం సంఖ్యలే మళ్ళీ పడ్డాయి.

కరెంటు పోకపోయినా వచ్చే ఏడాది అదే తేదీకి అన్నీ ఢీకొనేవి. మూడేళ్ళని రాసి ఉన్న నియమానికి నేను ఒక్క ఏడాది లెక్క వేసుకున్నాను. చదవలేదని ఒప్పుకుంటున్నాను.

మార్చింది: వరుస సంఖ్య ఇప్పుడు ఫైల్లో ఉంటుంది, పెరుగుతూనే పోతుంది, తేదీతో సంబంధం లేదు. సందేశం కట్టక ముందే సంఖ్య కార్డు మీదకి ఎక్కేలా చేశాను. మూడు పెట్టెలకీ డీఎస్3231 గడియారం ముక్కలు వేశాను, ఒక్కోటి రూ. 180. ఒక జాగ్రత్త: నీలం రంగు జడ్‌ఎస్-042 బోర్డులో సెల్‌ని ఛార్జ్ చేసే దారి ఉంటుంది. అందులో మామూలు సీఆర్2032 వేస్తే ఛార్జ్ కాకూడని సెల్ ఛార్జవుతుంది. డయోడ్ పక్కనున్న చిన్న రెసిస్టర్‌ని టంకం తీసి పీకెయ్యండి. నేను రెండిటికి పీకాను. మూడోది ఎక్కడుందో కింద చెప్తాను.

ఇప్పటికి లెక్క: రూ. 8,190. గంటలు 97. పోయి దొరికిన సందేశాలు 11.

దశ 6: బస్సులో కట్ట

నెట్ ఊడదీసి, పెన్‌డ్రైవ్‌తో పరీక్ష. రెండు పెన్‌డ్రైవులు, రూ. 640.

1. గుణుపురంలో పెన్‌డ్రైవ్ గుచ్చగానే పెట్టె కట్టని అందులోకి రాసి, పచ్చ లైటు మూడుసార్లు ఆర్పుతుంది.
2. పర్లాకిమిడి బస్సు కండక్టరు చేతికి.
3. అక్కడ అత్త గుచ్చుతుంది, లైటు ఆరగానే తీస్తుంది, తిరుగు బస్సుకి ఇస్తుంది.

48 సందేశాల కట్ట విడిగా 61 కేబీ, జిప్ చేస్తే 14. తెలుగుకి మూడింతలు బైట్లన్న దిగులు జిప్ దగ్గర చాలావరకు తీరిపోతుంది, ప్రతి అక్షరం ముందూ అవే 224, 176, 177 కాబట్టి.

మొదటిసారి విఫలం. అత్త లైటు ఆరక ముందే లాగేసింది. తప్పు నాదే: మూడుసార్లు ఆరితే అయినట్టు, అంతకు ముందు మినుకుమంటే పని జరుగుతున్నట్టు అని పెట్టాను. లైటు మినుకుమంటుంటే పాడయ్యిందేమోనని తీసేసింది. ఇప్పుడు పని జరుగుతున్నంతసేపూ లైటు వెలిగే ఉంటుంది, అయిపోతే ఆరిపోతుంది, మళ్ళీ వెలగదు. పొయ్యిలాగ. తరవాతి ఐదు ప్రయాణాల్లో ఐదూ చేరాయి. ఒకసారి పెన్‌డ్రైవ్ పాతపట్నం దాకా వెళ్ళి మర్నాడు వచ్చింది, వరుస సంఖ్యలు సరిగా ఉన్నాయి కాబట్టి ఒక్కటీ రెండోసారి పడలేదు.

ఇప్పటికి లెక్క: రూ. 8,830. గంటలు 106. పెట్టెల మధ్య నడిచిన సందేశాలు 731. ఒత్తు పోయినవి, దశ 2 తరవాత: 0.

మిగిలినవి

ఒడియా విషయాల్లో నడుమ కోత సరిపోతుందా లేదా మందుల షాపు ఆయన్ని కూర్చోబెట్టి అడగాలి. ఈసారి మొహమాటపడకుండా చెప్పమని ముందే చెప్పాలి. మాస్టారు రాయగడ కుర్రాళ్ళకి రోజూ ఒక పొడుపుకథ పంపుతున్నారు, జవాబు మర్నాడు. దానికో విభాగం అడుగుతున్నారు.

రెసిస్టర్ పీకని మూడో గడియారం ముక్క పర్లాకిమిడి పెట్టెలోనే ఉంది. అత్తకి ఫోన్ చేసి సెల్ తీసి పక్కన పెట్టమన్నాను. ఏది సెల్లో, ఏది కాదో వీడియో కాల్లో చూపించబోతే ఫోను కలవలేదు. బోర్డులో రాశాను, "పర్లాకిమిడి చేరింది" అని వచ్చింది. టంకం గన్ సంచిలో పెట్టుకున్నాను, ఆదివారం మొదటి బస్సుకి వెళ్తున్నాను.